గండికోట బండ మీద పడిన నా కెమెరా: ఆ పది నిమిషాలు, ఆ తర్వాత రెండు నెలలు

పోయిన నవంబర్‌లో ఒక ఆదివారం, ఇంకా పూర్తిగా తెల్లారకముందే, గండికోట లోయ అంచున నా కెమెరా ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) మీద నుంచి జారి బండ మీద పడింది. మూడడుగుల ఎత్తు కూడా ఉండదు. కానీ పడింది గట్టి ఎర్ర రాయి మీద, అదీ లెన్స్ వైపు ముందుకు వంగి. బండ వాలుగా ఉండటంతో రెండు పొర్లు పొర్లి ఒక గడ్డి దుబ్బు దగ్గర ఆగింది. ఆ దుబ్బుకి ఇంకో నాలుగడుగులు అవతల బండ అయిపోతుంది, దాని కింద ఎక్కడో లోతున పెన్న.

మాది ప్రొద్దుటూరు. జమ్మలమడుగు మీదుగా గండికోటకి బైకు మీద గంటలో వెళ్లిపోవచ్చు, అందుకే నాలుగైదు సార్లు వెళ్లాను. మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారం, మసీదు, వీటన్నిటినీ పగలు చాలాసార్లు తీశాను కానీ లోయ మీద సూర్యోదయం ఒక్కసారి కూడా సరిగ్గా దొరకలేదు. పెన్న ఎర్రమల కొండల్ని నిలువుగా కోసుకుంటూ పోయిన చోటు అది, పొద్దున వెలుతురు రెండు గోడల మీద పడేది చాలా కాసేపే, ఆ కాసేపటికి ముందే అన్నీ బిగించుకుని కూర్చోవాలి. మేం ఆ చీకట్లోనే బండలెక్కి కూర్చున్నాం, నేనూ మా ఫ్రెండూ.

పడటానికి కారణం నేనే. ట్రైపాడ్ తల మీద కెమెరాని పట్టుకునే చిన్న ప్లేటు ఉంటుంది కదా, కెమెరా అడుగున స్క్రూతో బిగించి, ట్రైపాడ్ గాడిలో కూర్చోబెట్టి పక్కనున్న లివర్ మూస్తాం. నేను దాన్ని చీకట్లో చేతి తడుముడు మీద పెట్టాను. ఎప్పుడూ మూసేటప్పుడు టిక్కుమని వినపడుతుంది, ఆ రోజు గాలి హోరులో వినపడిందో లేదో పట్టించుకోలేదు. ప్లేటు ఒక వైపు గాడిలోకి సరిగ్గా దిగలేదు. కెమెరా అడ్డంగా ఉన్నంతసేపూ తన బరువుకే అది నిలబడింది. లోయ లోతు కనపడాలని నిలువు ఫ్రేము కోసం తల పక్కకి వంచగానే బరువంతా ఒకే అంచు మీదికి వచ్చింది, లివర్ వదిలేసింది, అంతే. మెడలో పట్టీ ఉంటే పట్టుకునేవాడిని. అదీ లేదు, ఎందుకంటే ఆ లోయలో గాలి విసురుగా ఉంటుంది, పట్టీ కొట్టుకుని, షట్టర్ తెరిచి ఉంచే ఒక సెకను ఎక్స్‌పోజర్‌లో ఫొటో అదిరిపోతుందని ముందే విప్పి బ్యాగులో పెట్టేశాను. అది తప్పు పద్ధతేమీ కాదు, చాలామంది చేస్తారు. కానీ పట్టీ తీసేస్తున్నామంటే కెమెరా భారమంతా ఆ ప్లేటు మీదే ఉందని అర్థం, అప్పుడు ప్లేటుని పట్టుకుని ఒకసారి గట్టిగా లాగి చూడాలి. నేను చూడలేదు.

ఇంకొకటి, లెన్స్ హుడ్, అంటే లెన్స్ ముందు గొట్టంలా పొడుచుకొచ్చే తొడుగు, అది కూడా తీసేసి ఉన్నాను. రాళ్ల మీద మెరుపు తగ్గుతుందని పోలరైజర్ ఫిల్టర్ పెట్టాను, హుడ్ ఉంటే ఆ ఫిల్టర్‌ని వేళ్లతో తిప్పడం ఇబ్బంది. అంటే దెబ్బ తినే ఆ క్షణానికి లెన్స్ ముందు ఉన్నది ఒక పలుచటి గాజు బిళ్ల మాత్రమే.

వెళ్లి ఎత్తుకున్నాను. ఇక్కడే నేను చేసిన రెండో తప్పు. స్విచ్ ఆన్‌లోనే ఉంది, స్క్రీన్ నల్లగా ఉంది, పని చేస్తోందా లేదా అన్న టెన్షన్‌లో షట్టర్ బటన్ సగం నొక్కాను. లెన్స్ లోపల గర్రుమని శబ్దం వచ్చి ఆగిపోయింది. ఆ శబ్దం విన్నాక గానీ నా చేయి ఆగలేదు. వెంటనే మా మామకి ఫోన్ చేశాను. మా అమ్మ తమ్ముడు ఆయన, ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాడు, ఫిల్ము రోజుల నుంచీ పెళ్లిళ్లు తీస్తున్నాడు, కింద పడిన కెమెరాలు ఆయన చూసినన్ని నేను చూసి ఉండను.

"మామా, కెమెరా పడిపోయింది."

"నీకేం కాలేదు కదా?"

"నాకేం కాలేదు."

"యాడ నిలబడి మాట్లాడుతున్నావు? అంచు మీద ఉంటే ముందు ఎనక్కి వచ్చి కూర్చో. ఆన్ చేసినావా?"

"సగం నొక్కినా మామా. గర్రుమనింది."

"ఇంక నొక్కాకు. కార్డు లైటు వెలుగుతా ఉందేమో చూడు. లేదు కదా, స్విచ్ ఆపి బ్యాటరీ తీసెయ్. కార్డు తీసి జేబులో పెట్టుకో. జూము తిప్పాకు. గాజు పగిలినాదా?"

"ఫిల్టర్ పగిలింది. లోపలి గాజు తెలీడం లేదు."

"గుడ్డ పెట్టి తుడవాకు. ఊదాకు. లెన్స్ ముఖం నేలకి పెట్టి పట్టుకో, రాలేటివి రాలనీ."

సిగ్నల్ అంతటితో పోయింది, కానీ కావలసినదంతా ఆయన చెప్పేశాడు. ఒక్కొక్కటి ఎందుకో తర్వాత స్టూడియోలో కూర్చుని అడిగి తెలుసుకున్నాను. లోపల ఏదైనా పక్కకి జరిగి ఇరుక్కుని ఉంటే, కరెంటు ఇవ్వగానే ఫోకస్ మోటారు దాన్ని బలవంతంగా తోస్తుంది, అప్పటిదాకా సర్దుబాటు చేస్తే సరిపోయే పని కాస్తా పళ్ల చక్రం విరగడం దాకా పోతుంది. జూమ్ రింగ్ తిప్పితే సందుల్లో చేరిన ఇసుకా గాజు పొడీ ఇంకా లోపలికి పోయి రాపిడి పెడతాయి. ఫిల్టర్ ముక్కల్ని గుడ్డతో తుడవడమంటే లెన్స్ పూత మీద గాజుతో గీయడమే. నోటితో ఊదితే ఉమ్మి తుంపరలు పడి గాజు పొడి అక్కడే అంటుకుంటుంది. కార్డు లైటు వెలుగుతున్నప్పుడు బ్యాటరీ పీకితే అప్పుడు రాస్తున్న ఫొటోలే కాదు, ఒక్కోసారి కార్డులో ఉన్నవన్నీ తెరుచుకోకుండా పోవచ్చు.

ఆ కార్డు గురించి చెప్పాలి. 64 జీబీ కార్డు అది, సగం కూడా నిండలేదు కాబట్టి జులై నుంచీ అదే వాడుతున్నాను. జులైలో మా అవ్వ ఫొటోలు తీశాను, వసారాలో కూర్చుని చేటలో కందులు చెరుగుతున్నవి, నన్ను చూసి చాల్లే పోరా అని చెయ్యి ఊపుతున్నవి. ఆగస్టులో అవ్వ పోయింది. ఆ తర్వాత ఆ ఫొటోలు తెరవడానికి మనసు ఒప్పలేదు, తెరవలేదు కాబట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించనూ లేదు. నాలుగు నెలలు ఒక్క కార్డులో, ఒక్క చోట. కెమెరా దొర్లుతూ ఆ అంచు వైపు పోతున్నప్పుడు నా కళ్ల ముందు కదిలింది లెన్స్ ఖరీదు కాదు. కార్డు జేబులో పెట్టుకున్నాక కూడా దారి పొడుగునా చొక్కా జేబు తడుముకుంటూనే ఉన్నాను.

గాజు ముక్కలున్న కెమెరాని అలాగే బ్యాగులో పడేస్తే బ్యాగంతా గాజు పొడి అవుతుంది, దాన్ని ఏరలేం. మా ఫ్రెండు దగ్గర కొత్త చొక్కా కవరు ఒకటి ఉంటే అందులో పెట్టి, లెన్స్ ముఖం కిందికి ఉండేలా నా ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. ట్యాంకు మీద పెడదామన్నాడు వాడు, వద్దన్నాను, ఇంజను అదురంతా అక్కడికే వస్తుంది. ముప్పై కిలోమీటర్ల వేగంతో వచ్చాం. వెనక లోయ మీద వెలుతురు చాలా బాగా పడిందనుకుంటా, నేను తిరిగి చూడలేదు.

స్టూడియోలో మామ మొదట కెమెరా ముట్టుకోలేదు. కార్డు తీసుకున్నాడు. రీడర్‌లో పెట్టి మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఇంకో హార్డ్ డిస్కులోకి కూడా వేసి, అవ్వ ఫొటో ఒకటి తెరిచి చూపించి, "ఉంది. ఇంక నింపాదిగా కూర్చో" అన్నాడు. ఆరు వందల పైచిలుకు ఫొటోలు, అన్నీ తెరుచుకున్నాయి. అవ్వ ఆయనకి అమ్మ. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.

తర్వాత బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, ట్యూబులైటు కింద బాడీ (లెన్స్ కాకుండా మిగిలిన కెమెరా) నుంచి లెన్స్ విడదీశాడు. అది బిగుసుకోకుండా తేలిగ్గా తిరిగి రావడమే మంచి గుర్తు అన్నాడు. దెబ్బ గట్టిగా తగిలితే లెన్స్‌కీ బాడీకీ మధ్య ఉండే రింగ్ వంకర పోతుంది, అప్పుడు బలవంతంగా తిప్పకూడదు. చౌక లెన్సులకి ఆ రింగ్ ప్లాస్టిక్‌తో ఉంటుంది, కింద పడినప్పుడు అక్కడే విరిగిపోతుంది, అది విరగడం వల్ల ఒక్కోసారి బాడీ బతికిపోతుందట. నా 18-140 ఎంఎం జూమ్ లెన్సుకి లోహపు రింగే. వంకర లేదు. బాడీకి మూత, లెన్స్ వెనక మూత వెంటనే పెట్టేశాడు.

ఇక ఫిల్టర్. పెద్ద ముక్కలు అప్పటికే రాలిపోయాయి, అంచుల్లో ఇరుక్కున్నవి పట్టకారుతో ఒక్కొక్కటే తీశాడు, లెన్స్ కిందికి వంచి పట్టుకునే. సన్న పొడి కోసం రబ్బరు బ్లోయర్. ఆ పనికే అరగంట పట్టింది, నేను ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకుంటూ చూశాను. ఫిల్టర్ వెనకున్న లెన్స్ ముందు గాజు మీద ఒక చోట వెంట్రుకంత గీత తప్ప ఇంకేం లేదు. ఆ గీత ఫొటోలో కనపడదు, ముందు గాజు మీద చిన్న గీతలు ఫోకస్‌లోకి రావు, మరీ ఎదురు వెలుతురులో తీస్తే కాస్త మెరుపు వస్తుందేమో. ఆ గీత బండ వల్ల వచ్చిందా, పగిలిన ఫిల్టర్ ముక్క వల్ల వచ్చిందా అని అడిగాను. ఫిల్టర్ ముక్కే అయ్యుంటుందన్నాడు మామ. అంతకుముందు నాకు ఫిల్టరే లెన్సుకి రక్షణ అని గట్టి నమ్మకం. ఫిల్టర్ పగిలింది కాబట్టి లెన్స్ బతికింది అని అందరం అనుకుంటాం, కానీ ఆ పలుచటి గాజు లెన్స్ గాజు కంటే చాలా తేలిగ్గా పగిలేది, పగిలి ఆ ముక్కల్నే లెన్స్ మీదికి నెట్టేది. దుమ్ముకీ ఉప్పు గాలికీ ఫిల్టర్ మంచిదే. దెబ్బకి మాత్రం హుడ్. వంగుతుంది, విరుగుతుంది, దెబ్బ తను తీసుకుంటుంది.

గాజు పోయినా ఫిల్టర్ రింగ్ లెన్సుకే ఉండిపోయింది. ఒక చోట సొట్టపడి మరల్లో కొరుక్కుపోయింది. చేత్తో గట్టిగా పట్టి తిప్పితే గుండ్రం కాస్తా కోడిగుడ్డులా నొక్కుకుపోయి ఇంకా బిగుస్తుందని, పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టూ చుట్టి అన్ని వైపులా సమానంగా ఒత్తిడి పడేలా తిప్పి చూశాడు. రాలేదు. చివరికి ముందు గాజు మీద కాగితం బిళ్ల కత్తిరించి వేసి, అంచులకి టేపు అంటించి, రింగ్‌కి సొట్టకి అటూ ఇటూ హ్యాక్సా బ్లేడుతో రెండు చిన్న కోతలు పెట్టి, ఆ మధ్య ముక్కని కటింగ్ ప్లేయర్‌తో లోపలికి వంచాడు. లోహపు రజను గాజు మీద పడకుండా లెన్స్‌ని నేను అడ్డంగా పట్టుకున్నాను. రింగ్ వదులై ఊడి వచ్చింది. ఇది ఇంట్లో ఎవరూ చేయొద్దు, నేను ఒంటరిగా అయితే చేయను. మామ చెయ్యి మీద నాకున్న నమ్మకంతో ఒప్పుకున్నాను.

బ్యాటరీ పెట్టింది ఇదంతా అయ్యాకే, అంటే పడిన నాలుగు గంటలకి. అప్పుడు కూడా నా లెన్స్ నా బాడీకి పెట్టలేదు. మామ దగ్గర అదే రకం బాడీ ఇంకొకటి ఉంది, పాత 50 ఎంఎం లెన్స్ ఒకటి ఉంది. నా బాడీకి ఆయన 50 లెన్స్, ఆయన పాత బాడీకి నా లెన్స్. ఇలా మార్చి చూస్తేనే జబ్బు ఎందులో ఉందో తేలుతుంది, లేకపోతే లెన్స్ బాగోలేక ఫోకస్ తప్పితే బాడీ పోయిందనుకుంటాం, అనవసరంగా రెండింటికీ ఖర్చు పెడతాం.

నా బాడీ బాగానే ఉంది. వ్యూఫైండర్‌లో నుంచి ఫోకస్ చేసి ఒకటి, వెనక స్క్రీన్ మీద చూసే లైవ్ వ్యూలో ఫోకస్ చేసి ఒకటి తీసి పోల్చాం. ఈ రెండూ తేడాగా ఉంటే లోపలి అద్దం కొంచెం జరిగిందని అర్థం. తేడా లేదు. తర్వాత లెన్స్ రంధ్రం బాగా చిన్నదయ్యే ఎఫ్ 22 పెట్టి ఖాళీ ఆకాశం తీస్తే సెన్సర్ (ఫొటోని పట్టే చిప్పు) మీద ఐదారు మచ్చలు కనిపించాయి, పడిన అదురుకి లోపలి దుమ్ము కదిలి ఉంటుంది. బ్యాటరీ నిండుగా ఛార్జ్ చేసి, మెనూలో అద్దం పైకి లేపే ఆప్షన్ పెట్టి, కెమెరా నోరు కిందికి పట్టి బ్లోయర్‌తో నాలుగుసార్లు ఊదితే నాలుగు పోయాయి. ఇక్కడ డబ్బా గాలి స్ప్రేలు వాడకూడదు, అందులో ద్రవం సెన్సర్ మీద చిమ్ముతుంది. ట్రైపాడ్ స్క్రూ ఎక్కే రంధ్రం చుట్టూ చీలిక ఉందేమో, బ్యాటరీ మూత సరిగ్గా పడుతోందా, ఫ్లాష్ కూర్చునే చోటు పనిచేస్తోందా, ఇవి కూడా చూశాం, అన్నీ బాగున్నాయి. మూల మీద గీతలు ఉన్నాయి, ఉండనీ.

లెన్స్ బాగోలేదు. ఫోకస్ అవుతోంది, ఆ గర్రుమనే శబ్దం కూడా తగ్గింది, కెమెరా స్క్రీన్ మీద చూస్తే ఫొటో చక్కగానే ఉంది. అక్కడే ఆగి ఉంటే అంతా బాగుందనుకుని ఇంటికి వెళ్లిపోయేవాడిని. మామ గోడకి పేపరు నాలుగు మూలలా టేపు వేసి అంటించి, ట్రైపాడ్ మీద దానికి సూటిగా కెమెరా పెట్టి, జూమ్ వెడల్పు చివర 18 దగ్గర, రంధ్రం పూర్తిగా తెరిచి ఎఫ్ 3.5 లో ఒకటి, కాస్త మూసి ఎఫ్ 8 లో ఒకటి తీసి కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూపించాడు. మధ్యలో, కుడి వైపు అక్షరాలు చదవగలుగుతున్నాం. ఎడమ వైపు రెండు మూలల్లో అక్షరాలు అలుక్కుపోయాయి. ఎఫ్ 8 లో కొంచెం మెరుగు, అయినా తేడా తెలుస్తోంది. లోపల ఒక గాజు పలక తన మధ్య స్థానం నుంచి జరిగింది. ఒకే వైపు మసక అంటే అదే. రెండు వైపులా సమానంగా మసకగా ఉంటే అది చాలా లెన్సులకి మామూలే, దెబ్బ వల్ల కాదు.

దీన్ని మామ ముట్టుకోనన్నాడు. లెన్స్ విప్పితే మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టడానికి కొలిచే యంత్రం ఉండాలి. హైదరాబాద్‌లో కంపెనీ వాళ్ల సర్వీస్ సెంటర్‌కి పంపించాను, పెట్టెలో పెట్టె, మధ్యలో బుడగల కవరు కుక్కి, కొరియర్‌లో. ఆ పేపరు ఫొటోలు కూడా మెయిల్ చేసి ఎడమ వైపు సమస్య అని రాశాను. ఎలా జరిగిందని అడిగితే పడిందని నిజమే చెప్పాను. వారంటీలో ఇంకా నాలుగు నెలలు ఉన్నా పడిన దెబ్బకి వారంటీ వర్తించదు, చెప్పకపోయినా విప్పగానే వాళ్లకి తెలిసిపోతుంది, చెబితే కనీసం ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. అంచనా 9,400 రూపాయలు అన్నారు. అదే లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో అప్పట్లో 12,000 దాకా పలికింది. రెండు రోజులు ఆలోచించి బాగు చేయమనే చెప్పాను, ఎవరో వాడి వదిలేసిన లెన్స్ లోపల ఏముందో మనకి తెలీదు, దీని లోపల ఏం మార్చారో కాగితం మీద ఉంటుంది. ఖరీదైన సామాను ఉన్నవాళ్లు బయటకి తీసుకెళ్లే వస్తువులకి కూడా వర్తించే ఇన్సూరెన్స్ ముందే చూసుకోండి, ఇంటి బీమాలో అడిగితే కొందరు కలుపుతారు. అయితే పాలసీలో పడిపోవడం కూడా లెక్కలోకి వస్తుందా అన్న వాక్యం చదివి మరీ తీసుకోండి.

లెన్స్ లేని ఆ రోజుల్లో మామ స్టూడియోలో సాయంత్రాలు కూర్చునేవాడిని. నీళ్లలో పడిన కెమెరాల గురించి అప్పుడే చెప్పాడు. పెళ్లిలో నలుగు స్నానం దగ్గర బిందె నీళ్లు మీద పడిన కెమెరాని ఒకాయన బియ్యం డబ్బాలో పెట్టి తెచ్చాడట, నీళ్లు ఆరిందీ లేదు, బియ్యపు పిండి మాత్రం సందుల్లో పేరుకుపోయింది. నీళ్లు పడినా మొదటి పని అదే, బ్యాటరీ తీయడం. తర్వాత మూతలన్నీ తెరిచి, పైన తుడిచి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో మూసిపెట్టి వీలైనంత తొందరగా సర్వీసుకి పంపడం. హెయిర్ డ్రైయర్ వేడి పెట్టకూడదు. సముద్రపు నీరైతే ఇంకా కష్టం, నీరు ఆరినా ఉప్పు ఉండిపోయి లోపలి సర్క్యూట్‌ని తింటూ ఉంటుంది. సూర్యలంక బీచ్‌లో అలకి తడిసిన కెమెరా ఒకటి వారం పాటు బాగానే పనిచేసి ఆ తర్వాత ఆగిపోయిందని చెప్పాడు.

జనవరిలో లెన్స్ వచ్చింది. డబ్బా విప్పి ముందు చేసిన పని గోడకి పేపరు అంటించడం. 18 దగ్గర ఎఫ్ 3.5, నాలుగు మూలలా అక్షరాలు చదవగలిగాను. 35 దగ్గర జూమ్ రింగ్ కొంచెం బిగుతుగా తిరుగుతుంది, సర్వీస్ సెంటర్‌కి రాస్తే మళ్లీ పంపమన్నారు. మామకి చూపించాను. రెండు సార్లు అటూ ఇటూ తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విని, "రాపిడి లేదు, కొత్త గ్రీజు, తిరగ్గా తిరగ్గా సర్దుకుంటాది, పంపాకు" అన్నాడు. పంపలేదు.

ప్లేటు స్క్రూకి నాణెం పట్టే గాడి ఉంటుంది, అందుకని బ్యాగు ముందు అరలో ఒక రూపాయి బిళ్ల ఎప్పుడూ ఉంచుతున్నాను. ట్రైపాడ్ మీద పెట్టాక కెమెరాని పట్టుకుని పైకి ఒకసారి, పక్కకి ఒకసారి లాగి చూసి గానీ చెయ్యి వదలడం లేదు. గాలి ఉన్న చోట పట్టీ విప్పడం మానేసి, మెడలోంచి తీసి ట్రైపాడ్ కాలికి రెండు చుట్లు చుడుతున్నాను, అలా అయితే కొట్టుకోదు, జారినా నేల దాకా పోదు. అవ్వ చేట పట్టుకున్న ఫొటో పెద్దది ప్రింటు వేయించి అమ్మకి ఒకటి, మామకి ఒకటి ఇచ్చాను. మామ దాన్ని స్టూడియోలో బిల్లులు రాసే బల్ల పైన గోడకి పెట్టాడు.